ఆ ఏడు వంతెన లేదు

నేను ట్రాము నడుపుతాను.
రీగాలో, దౌగవ నది మీద, రాతివంతెన మీదుగా
రోజుకు పదకొండు సార్లు.
మా ఆవిడ వెల్తా
పళ్ళ డాక్టరు దగ్గర నాలుగింటిదాకా పేర్లు రాసుకుంటుంది.
నాలుగు దాటాక మూడు వందల ఏళ్ళు వెనక్కి పోతుంది.

ఆరేళ్ళుగా మా ఇంట్లో ముగ్గురం.
మూడో మనిషి గ్రియెటా,
మహమ్మారి ఏట మొగుణ్ణి పోగొట్టుకున్న పడవవాడి పెళ్ళాం.
అద్దె కట్టదు. అన్నీ కావాలి.
ఆమె గౌనుకి బొత్తాములా, తాళ్ళా అని
వెల్తా వారం రోజులు సరిగ్గా తిండి తినలేదు.
బొత్తాములేనని తేలాక, ఎముకవా కొయ్యవా అని ఇంకో వారం.
చివరికి ఆ వాక్యమే కొట్టేసింది.

ఆలుగడ్డల తొక్క తీస్తూ తీస్తూ
చటుక్కున కత్తి ఆపుతుంది.
"దీని రుచే ఎరగదు తెలుసా, పాపం.
చలికాలమంతా ఉడికిన టర్నిప్పులే" అంటుంది,
పక్కింటావిడ కష్టం చెప్పినట్టు.
ఉప్పు వెయ్యడం మరిచిపోతుంది.
నేను మాట్లాడకుండా తింటాను.

నవల రాయడమంటే
దీపం ముందు కూర్చుని కన్నీళ్ళు పెట్టుకోవడమనుకున్నాను పెళ్ళయిన కొత్తలో.
కాదు. చాలావరకు అది
రెండు జతల మేజోళ్ళు తొడుక్కుని
పాత చర్చి లెక్కల ఫొటోలు తెర మీద పెద్దవి చేసి
"ఇది 'కె'నా, 'ఆర్' ఆ?" అని నన్ను కేకెయ్యడం.
నాకు జర్మను రాదు. అయినా వెళ్ళి చూస్తాను.
ఒక రోజు 'ఆర్' అంటాను, మర్నాడు 'కె' అంటాను.
ఇద్దరం నవ్వుకుంటాం. పేజీ మాత్రం కదలదు.

ఒకసారి రాత్రి రెండింటికి లేపింది.
"ఎదురుగాలిలో, ఆడమనిషి, ఒంటి తెడ్డు.
ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఎంతసేపు?"
"ట్రాములో అయితే మూడు నిమిషాలు."
అటు తిరిగి పడుకుంది.
ఆదివారం మా బావమరిది ఆర్విడ్స్‌ని బతిమాలి చేపల పడవ తెచ్చాను.
నవంబరు. నేను తెడ్డు వేస్తే తను గడియారం పట్టుకుంది.
నలభై నిమిషాలు. అరచేతుల్లో నాలుగు బొబ్బలు.
ఆ నాలుగూ ఇప్పుడు గ్రియెటా చేతుల్లో ఉన్నాయి,
నూట పద్దెనిమిదో పేజీలో.

ఇక మొన్నటి సంగతి.
గ్రియెటా కొడుకు మికేలిస్, ఏడేళ్ళవాడు,
పడవలు వరసగా కట్టి వేసిన వంతెన మీద పరిగెత్తి
ఊరు దాటిపోతాడు. బతుకుతాడు.
ఆ పరుగు కోసం అరవై పేజీలు.
మొన్న ఎవరిదో పాత ఉత్తరంలో ఒక్క ముక్క దొరికింది.
ఆకులు రాలే రోజులకే వంతెన విప్పేశారట, పొయ్యిలోకి.
పిల్లవాడు పరిగెత్తింది నీళ్ళ మీద.

"ఎవరు చూడొచ్చారు, ఉంచెయ్" అన్నాను.
ఎర్రలైటు దాటిన డ్రైవర్ని చూసినట్టు చూసింది.
"వాడు చూశాడు" అంది.

అరవై పేజీలూ ఆ రాత్రే పోయాయి.
తరవాత కిటికీ అద్దం మీది మంచు గోటితో గీకుతూ
చాలాసేపు నిలబడింది.
పొద్దున్నే రొట్టె కాల్చుకు తిని పనిలోకి వెళ్ళింది.
శుక్రవారం పదింటికి ఖాళీ ఉంది రండి అని
ఎవరి దవడకో ధైర్యం చెప్పే ఉంటుంది.

ఇవాళ సాయంత్రం నా ట్రామే ఎక్కింది.
అద్దంలో కనబడుతోంది. మూడో సీటు. పెదవులు కదులుతున్నాయి,
వేళ్ళు మడిచి ఏదో లెక్క.
దిగాల్సిన స్టాపు దాటిపోయింది. నేను చెప్పలేదు.
నది దగ్గరికొచ్చాం. చీకటి. కింద మంచుపలకలు ఒరుసుకుంటున్నాయి.
ఇరవై ఏడేళ్ళుగా దాటుతున్న వంతెనే.
అయినా చెయ్యి తనంతట తానే బ్రేకు మీదికి పోయింది.
వెనక ఎవరో విసుక్కున్నారు.
ముందు పట్టాలు లేవు, నీళ్ళున్నాయి,
ఒడ్డున పిల్లాడొకడు, ఏ ఒడ్డో తెలియలేదు.

గంట కొట్టి,
మెల్లగా పోనిచ్చాను.